లాప్‌టాప్‌కి డాక్ తగిలించుకోవడం ఎలా? అది ఎక్కడ చెయ్యిస్తుందో ముందే కనిపెట్టడం ఎలా?

"మానిటర్ పెట్టాక మౌస్ తిమ్మిరెక్కినట్టు కదులుతోందండీ." "పెట్టె మీద వంద వాట్లని రాసుంది, ఛార్జింగ్ మాత్రం దిగిపోతోంది." "లాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంది కదా, మరి కరెంటు పోగానే మీటింగ్ ఎందుకు తెగిపోతోంది?"

శ్రీకాకుళం చుట్టుపక్కల ఇంటి నుంచి పనిచేసుకునేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేవి ఇవే. అన్నిటికీ మూలం మానిటర్, నెట్ తీగ, మౌస్ అన్నిటినీ లాప్‌టాప్‌కి కలిపే ఆ అరచేతిలో పట్టే డబ్బా. కొందరు హబ్ అంటారు, కొందరు డాక్ అంటారు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే పోతుందని కూర్చున్నాను.

ముందుగా ఒక్క ముక్క, దీన్ని మించి సిద్ధాంతం చెప్పను. డాక్ నుంచి లాప్‌టాప్‌కి వెళ్లేది ఒకే ఒక్క తీగ. ఛార్జింగ్, మానిటర్ బొమ్మ, నెట్, పెన్‌డ్రైవ్, మౌస్ అన్నీ దాంట్లోంచే. రైలు గేటు దగ్గర ఎడ్లబండి, ఆర్టీసీ బస్సు, ఆటో ఒకే సందులో దూరినట్టు. ఎవరో ఒకరు ఆగాలి. ఎవరు ఆగుతారో మీరు నిర్ణయించకపోతే డబ్బాయే నిర్ణయిస్తుంది.

కావలసినవి

మీ లాప్‌టాప్ మోడల్ నంబరు (అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది), దాని ఛార్జర్, డాక్, డాక్‌తో పాటు వచ్చిన అసలు కేబుల్. మూడు నాలుగు జీబీల ఫైలు ఒకటి. పెళ్లి వీడియో అయినా పర్లేదు, కానీ దానికి ఇంకో కాపీ ఉండాలి. చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ, అడుగు పొడవుంటే చాలు. స్విచ్చి ఉన్న ప్లగ్గు బోర్డు. ఫోన్ టార్చి. ఒక కాగితం, పెన్ను. చివరి రెండూ నవ్వులాటకి రాయలేదు, ఐదో అడుగులో పనికొస్తాయి.

1. డాక్ కొనకముందు లాప్‌టాప్ కన్నం చూడండి

టార్చి వేసి, కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఆ టైప్-సీ కన్నం పక్కన ఏ గుర్తుందో చూడండి. బాణం మొనతో మెరుపు గుర్తుంటే అది థండర్‌బోల్ట్ అనే వేగమైన రకం. దాదాపు ఏ డాక్ పెట్టినా నడుస్తుంది. డీ అక్షరంలో పీ కలిసినట్టున్న గుర్తుంటే బొమ్మ బయటికి వస్తుంది. బ్యాటరీ లేదా ప్లగ్గు బొమ్మ ఉంటే ఆ కన్నంలోంచి ఛార్జింగ్ ఎక్కుతుంది. కొమ్మల్లా చీలిన త్రిశూలం గుర్తు ఒక్కటే ఉంటే అనుమానించండి: అందులోంచి పెన్‌డ్రైవ్ మాత్రమే నడవొచ్చు, మానిటర్ రాకపోవచ్చు.

ఏ గుర్తూ లేదా? చాలా లాప్‌టాప్‌లకి ఉండదు. మోడల్ నంబరుతో తయారీదారు సైట్లో వివరాల పేజీ తెరిచి, టైప్-సీ వరుసలో "డిస్‌ప్లేపోర్ట్", "పవర్ డెలివరీ" అన్న రెండు మాటలు వెతకండి. మొదటిది లేకపోతే మామూలు హబ్‌లోని హెచ్‌డీఎంఐ (మానిటర్ తీగ పెట్టే కన్నం) మీకు అలంకారమే. రెండోది లేకపోతే హబ్ గుండా ఛార్జింగ్ పెట్టే ఆశ వదులుకోండి.

అందరూ చేసే తప్పు: కన్నం ఆకారం చూసి "నాది టైప్-సీయే, అన్నీ వస్తాయి" అనుకోవడం. టైప్-సీ అనేది ఆకారం పేరు, శక్తి పేరు కాదు. అదే ఆకారంలో సెకనుకి 480 మెగాబిట్ల పాత యూఎస్‌బీ 2.0 ఉంటుంది, 40 గిగాబిట్ల థండర్‌బోల్ట్ కూడా ఉంటుంది.

పాలకొండ రోడ్డులో షాపులో కొంటున్నారా? లాప్‌టాప్ సంకన పెట్టుకుని వెళ్లండి. షాపతను మొహమాటపెట్టినా సరే, అక్కడే తగిలించి, అక్కడే మానిటర్‌లో బొమ్మ చూసి డబ్బులివ్వండి.

2. మూడు రకాల్లో మీది ఏది?

మొదటి రకం, సొంత అడాప్టర్ లేని హబ్. లాప్‌టాప్ ఇచ్చే కరెంటు మీద, లేదా దాని గుండా మీరు పెట్టే లాప్‌టాప్ ఛార్జర్ మీద బతుకుతుంది. చవక, సంచిలో పడుతుంది. మౌస్, కీబోర్డ్, ఒక మానిటర్, నెట్ తీగ వరకూ బాగానే లాగుతుంది. రెండు హార్డ్‌డిస్కులు తగిలిస్తే చేతులెత్తేస్తుంది.

రెండో రకం, గోడకి పెట్టే సొంత అడాప్టర్ ఉన్న డాక్. బల్ల మీద స్థిరంగా కూర్చుంటుంది, లాప్‌టాప్‌కి కూడా అదే ఛార్జింగ్ ఇస్తుంది. ఖరీదెక్కువ. దీని లోపం మన ఊళ్లో మాత్రమే బయటపడుతుంది: కరెంటు పోతే మొత్తం డాకే చచ్చిపోతుంది. దాని సంగతి ఏడో అడుగులో.

మూడో రకం డిస్‌ప్లేలింక్ చిప్‌తో వచ్చేది. లాప్‌టాప్ కన్నంలోంచి బొమ్మ రాకపోయినా ఇది తెప్పిస్తుంది, ఎలాగంటే బొమ్మని మామూలు డేటాలా కుదించి పంపుతుంది. డ్రైవర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. ప్రాసెసర్ మీద కొంత భారం పడుతుంది. ఎక్సెల్ షీట్లకీ మెయిళ్లకీ బంగారం లాంటిది. సినిమాలకీ ఆటలకీ కాదు. కాపీ రక్షణ ఉన్న ఓటీటీ వీడియోలు ఆ తెర మీద నల్లగా కనిపించొచ్చు. అది డాక్ పాడైనందుకు కాదు, దాని పద్ధతే అంత.

మ్యాక్‌బుక్ వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. రెండు హెచ్‌డీఎంఐలున్న మామూలు హబ్ కొంటే, విండోస్‌లో రెండు వేరువేరు తెరలు వస్తాయి. మ్యాక్‌లో రెండింట్లోనూ ఒకటే బొమ్మ వస్తుంది. పైగా 2020లో వచ్చిన ఎం1, ఆ తర్వాతి ఎం2 మామూలు చిప్పులున్న మ్యాక్‌బుక్‌లు బయటి తెర ఒక్కదాన్నే తీసుకుంటాయి. రెండు కావాలంటే డిస్‌ప్లేలింక్ రకమే దారి.

3. కేబుల్ మార్చకండి

డాక్ పెట్టెలో వచ్చిన తీగ పొట్టిగా ఉందని, ఫోన్ ఛార్జర్‌తో వచ్చిన పొడుగు టైప్-సీ తీగ పెడతారు. ఛార్జింగ్ ఎక్కుతుంది, మౌస్ కూడా నడుస్తుంది, మానిటర్ మాత్రం రాదు. డాక్ పాడైందని తిరిగి పంపేస్తారు. ఫోన్ ఛార్జింగ్ తీగల్లో చాలావాటికి లోపల యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి. బొమ్మకి కావలసిన వేగపు జతలు అందులో ఉండవు.

అలాగే టైప్-సీ హబ్‌కి కన్వర్టర్ తగిలించి పాత పలక ఆకారపు యూఎస్‌బీ కన్నంలో పెట్టినా బొమ్మ రాదు. డిస్‌ప్లేలింక్ రకానికి మాత్రమే అది సాధ్యం.

4. వాట్ల లెక్క చూసుకోండి

ఛార్జర్ తిరగేసి సన్న అక్షరాలు చదవండి. అవుట్‌పుట్ అన్నచోట 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంటే రెండూ గుణించండి, 65 వాట్లు. ఇప్పుడు హబ్ పెట్టె మీద 100 వాట్లని రాసి ఉంటుంది. ఆ వంద హబ్ లాప్‌టాప్‌కి ఇచ్చేది కాదు, ఛార్జర్ నుంచి గరిష్ఠంగా తీసుకోగలిగేది. తన ఖర్చుకి 10, 15 వాట్లు పక్కన పెట్టుకుని మిగతాది లాప్‌టాప్‌కి పంపుతుంది. 65 వాట్ల ఛార్జర్ పెడితే మీ లాప్‌టాప్‌కి దక్కేది 50 చిల్లర. ఏ పనీ లేనప్పుడు సరిపోతుంది. వీడియో కాల్, మానిటర్, పది ట్యాబులు కలిసేసరికి బ్యాటరీ మెల్లగా దిగుతుంది.

ఎలా తనిఖీ చేయాలి: బ్యాటరీ 60 శాతం దగ్గర ఉన్నప్పుడు హబ్ గుండా ఛార్జింగ్ పెట్టి, మీ రోజువారీ పని అరగంట చేయండి. శాతం పెరిగితే మంచిది. నిలబడితే కానివ్వొచ్చు. తగ్గితే ఇంకా పెద్ద ఛార్జర్ కావాలి, లేదా ఛార్జర్‌ని నేరుగా లాప్‌టాప్‌కే పెట్టాలి.

60 వాట్లు దాటాలంటే ఛార్జర్ తీగలో కూడా 5 ఆంపియర్లు మోయగలనని చెప్పే చిన్న చిప్ ఉండాలి. లేకపోతే ఎంత పెద్ద ఛార్జరైనా 60 దగ్గర ఆగిపోతుంది. తీగ మీద గానీ పెట్టె మీద గానీ 100 వాట్లో 240 వాట్లో రాసి ఉన్నది తీసుకోండి.

5. ఒక్కొక్కటే తగిలించండి

ఇక్కడే కాగితం, పెన్ను. చాలామంది కొత్త డాక్ రాగానే ఉన్నవన్నీ ఒకేసారి గుచ్చేస్తారు. తర్వాత ఏదో పనిచెయ్యదు, ఏది కారణమో తెలియదు. నా వరుస ఇది: ముందు డాక్ ఒక్కటే. రెండు నిమిషాలు ఆగి మానిటర్. తర్వాత నెట్ తీగ. తర్వాత కీబోర్డ్, మౌస్. చివర్లో ఛార్జర్. ఒక్కొక్కటి పెట్టాక అంతకుముందు పనిచేసినవన్నీ ఇంకా పనిచేస్తున్నాయా అని చూసి కాగితం మీద టిక్కు పెట్టండి. ఎక్కడ టిక్కు పడలేదో అక్కడే తగువు.

పది నిమిషాలయ్యాక డాక్ ఒంటి మీద వేలు పెట్టండి. వెచ్చగా, కొంచెం చురుక్కుమన్నా మామూలే. లోహపు డబ్బా వేడిని బయటికి పంపడానికే అలా చేశారు. వేలు పెట్టి మూడు లెక్కపెట్టలేకపోతే మాత్రం తీసేయండి. లాప్‌టాప్ కిందా, పరుపు మీదా, కాగితాల కట్ట కిందా డాక్‌ని పెట్టకండి. వైశాఖంలో మధ్యాహ్నం పూట గదే పొయ్యిలా ఉంటుంది. అప్పుడు మానిటర్ ఆగి ఆగి వస్తుంటే మొదట అనుమానించాల్సింది వేడినే.

6. మానిటర్ మీద బాణం అతుక్కుపోతున్నట్టుంటే

4కె మానిటర్ కొని, హబ్‌కి పెట్టి, "మౌస్ బాణం జిగురులో నడిచినట్టుంది" అనేవాళ్లకి ఇది. మానిటర్ తప్పు కాదు. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి రిఫ్రెష్ రేట్ చూడండి. 30 హెర్ట్జ్ అని ఉంటే అదే రోగం. సెకనుకి అరవై సార్లు మారాల్సిన బొమ్మ ముప్పై సార్లే మారుతోంది.

కారణం మొదట చెప్పిన ఇరుకు సందే. టైప్-సీలో వేగపు దారులు నాలుగు. హబ్ వాటిలో రెండు బొమ్మకిచ్చి, రెండు యూఎస్‌బీకి ఉంచుకుంటుంది. పాతతరం డిస్‌ప్లేపోర్ట్ లెక్కలో రెండు దారుల్లో పట్టేది 8.64 గిగాబిట్లు. 4కె బొమ్మ 60 హెర్ట్జ్‌లో రావాలంటే 12కి పైగా కావాలి. పట్టదు, అందుకే 30కి దిగుతుంది. కొన్ని చవక హబ్బుల్లో హెచ్‌డీఎంఐయే పాత 1.4 రకం, దానికి 4కెలో హద్దే 30.

ఏం చేయొచ్చు? మూడు దారులున్నాయి. ఒకటి, లాప్‌టాప్‌కి సొంత హెచ్‌డీఎంఐ కన్నం ఉంటే మానిటర్‌ని అక్కడే పెట్టండి, హబ్‌కి ఆ బరువు తప్పించండి. విచిత్రమేమిటంటే, పక్కనే ఆ కన్నం ఖాళీగా ఉన్నా "డాక్ కొన్నాం కదా" అని అందులోకే పెట్టేవాళ్లు చాలామంది. రెండు, మానిటర్ రిజల్యూషన్ తగ్గించి 60 హెర్ట్జ్ పెట్టుకోండి. మూడు, కొనేటప్పుడే "4కె 60 హెర్ట్జ్" అని స్పష్టంగా రాసిన హబ్ కొని, మీ లాప్‌టాప్ కూడా డిస్‌ప్లేపోర్ట్ 1.4 ఇస్తుందని చూసుకోండి (పైన చెప్పిన పాత హెచ్‌డీఎంఐ 1.4 వేరు, ఇది వేరు). రెండింట్లో ఏ ఒక్కటి పాతదైనా మళ్లీ 30కే వస్తుంది. "4కె" అని మాత్రమే రాసి హెర్ట్జ్ రాయలేదంటే 30 అనే అనుకోండి.

మీది 1080 మానిటర్ అయితే ఈ అడుగంతా మర్చిపోండి. ఏ హబ్ అయినా లాగుతుంది.

7. కరెంటు పోయే పరీక్ష

ఈ అడుగు మాత్రం దాటెయ్యకండి. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి వచ్చే డాక్ సమీక్షల్లో ఇది ఉండదు.

ఆమదాలవలసలో ఉండే మా మేనల్లుడు ఒక సాయంత్రం ఫోన్ చేశాడు. "మావయ్యా, కరెంటెల్లిపోతే లేప్టాప్ బానే ఉంటంది గానీ మిగతావన్నీ సచ్చిపోతన్నాయి. ఇన్వర్టర్ కూడా ఉంది. ఏటి సేద్దాం?" వెళ్లి చూశాను. బల్ల చక్కగా సర్దుకున్నాడు. ఛార్జర్ హబ్‌లోకి, హబ్ లాప్‌టాప్‌లోకి, ఒక్కటే తీగ. చూడ్డానికి ముచ్చటగా ఉంది. నేను ప్లగ్గు బోర్డు స్విచ్చి నొక్కాను. మానిటర్ నల్లబడింది, నెట్ దీపం ఆరింది, హార్డ్‌డిస్క్ టిక్‌మని ఆగి మళ్లీ తిరిగింది. మూడు నాలుగు సెకన్లలో అన్నీ తిరిగొచ్చాయి. కానీ ఆ మూడు సెకన్లలో మీటింగ్ పోయింది, కాపీ అవుతున్న ఫైలు సగంలో తెగింది.

ఎందుకలా? ఛార్జర్ హబ్‌లోకి వెళ్తున్నప్పుడు, కరెంటు ఎవరు ఎవరికివ్వాలో మూడింటి మధ్యా ఒప్పందం ఉంటుంది. కరెంటు పోగానే అది రద్దవుతుంది. ఇప్పుడు లాప్‌టాప్ హబ్‌కి కరెంటివ్వాలి. కొత్త ఒప్పందం కుదిరేలోపు చాలా హబ్బులు ఒక్కసారి చచ్చి పుడతాయి. ఇన్వర్టర్ ఉన్నా అది మారే క్షణంలో ఇదే జరగొచ్చు. కరెంటు తిరిగొచ్చినప్పుడు మళ్లీ ఇంకోసారి.

మీరూ చేయండి. విలువైన ఫైళ్లున్న డిస్కులన్నీ ముందు తీసేయండి. మానిటర్, నెట్ తీగ, మౌస్ మాత్రం ఉంచి, ఒక వీడియో నడుస్తుండగా ఛార్జర్ స్విచ్చి ఆపండి. ఏది ఆగింది, ఎన్ని సెకన్లకి వచ్చింది, రాసుకోండి. తిరిగి వేయండి, మళ్లీ రాసుకోండి. మూడుసార్లు. ఏదీ కదలకపోతే మీ హబ్ మంచి జాతిది, దాన్ని అలాగే వాడుకోండి.

ఆగిపోతుంటే మందు సులువే:

ఛార్జర్‌ని హబ్‌లోంచి తీసి నేరుగా లాప్‌టాప్‌లో పెట్టండి, రెండో టైప్-సీ కన్నంలో గానీ పాత గుండ్రటి పిన్నులో గానీ. అప్పుడు హబ్ ఎప్పుడూ లాప్‌టాప్ కరెంటు మీదే ఉంటుంది. బయట కరెంటు వచ్చినా పోయినా దానికి తెలియదు. ఒక తీగ ఎక్కువవుతుంది, బల్ల అందం కొంచెం తగ్గుతుంది. మా వాడి దగ్గర ఇదొక్కటే మార్చాను.

ఒకే టైప్-సీ కన్నం ఉండి, ఛార్జింగ్ కూడా అదే అయితే ఈ పని కుదరదు. అప్పుడు ఛార్జర్‌ని కంప్యూటర్ యూపీఎస్‌కి పెట్టండి. ఇంటి ఇన్వర్టరే ఉంటే దాని వెనక, కొన్నిటికి ముందు, యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని చిన్న స్విచ్చి ఉందేమో చూడండి. యూపీఎస్ మోడ్‌లో మారడం చాలా వేగంగా జరుగుతుంది. దానికో ఇబ్బంది ఉంది: వోల్టేజీ కొంచెం తగ్గినా బ్యాటరీకి మారిపోతుంది. పల్లెల్లో సాయంత్రం వోల్టేజీ పడిపోయే ఇళ్లలో బ్యాటరీ ఊరికే ఖాళీ అవుతుంటే తిరిగి నార్మల్‌కి పెట్టుకోవాల్సి వస్తుంది.

సొంత అడాప్టర్ ఉన్న డాక్ వాళ్లు డాక్ అడాప్టర్, మానిటర్, నెట్ డబ్బా (రూటర్) మూడూ యూపీఎస్ మీదకి తేవాలి. మానిటర్ ఒక్కటే యూపీఎస్‌కి పెట్టి డాక్‌ని గోడకి పెట్టేవాళ్లని చూశాను. మానిటర్ వెలుగుతూ "సిగ్నల్ లేదు" అని చూపిస్తుంది, అంతే.

8. మౌస్ తడబడుతుంటే, వైఫై నెమ్మదిస్తే

హబ్‌కి హార్డ్‌డిస్క్ పెట్టగానే వైర్‌లెస్ మౌస్ ఎగిరెగిరి కదులుతుంది. బ్యాటరీ మారుస్తారు, మౌసే మారుస్తారు. అవేవీ కావు. 5 గిగాబిట్ల యూఎస్‌బీ నడుస్తున్నప్పుడు దాని నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది. మౌస్ డాంగిల్ (వైర్‌లెస్ మౌస్‌తో వచ్చే చిన్న యూఎస్‌బీ ముక్క), పాత వైఫై మాట్లాడుకునేదీ అక్కడే. ఈ సంగతిని ఇంటెల్ 2012లోనే పత్రం రాసి చెప్పింది. ఇన్నేళ్లయినా చవక హబ్బుల్లో లోపలి కవచం పల్చగానే ఉంటోంది.

డాంగిల్‌ని హబ్ నుంచి తీసి లాప్‌టాప్ అవతలి పక్క కన్నంలో పెట్టండి. కన్నం లేకపోతే ఆ అడుగు ఎక్స్‌టెన్షన్ తీగ వాడి డాంగిల్‌ని మౌస్ దగ్గరికి తెచ్చుకోండి. వైఫై 5 గిగాహెర్ట్జ్ పేరుకి మార్చుకోండి. అయిదు నిమిషాల పని.

9. నెట్ తీగ 100 దగ్గర ఆగిపోతే

హబ్ గిగాబిట్ అంటుంది, మీ ప్లాన్ 200 మెగాబిట్లు అంటుంది, వేగం 95 దాటదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, ఈథర్నెట్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. అక్కడ 100 అని ఉంటే నెట్ కంపెనీతో పోట్లాడకముందు తీగ కొస చూడండి. ఆ పారదర్శకమైన ప్లాస్టిక్ పిన్నులో ఎనిమిది రంగులు కనపడాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. వందకి నాలుగు తీగలే చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. నీలం జతలో గానీ గోధుమ జతలో గానీ ఒక్కటి సరిగ్గా దిగకపోయినా నెట్ వస్తూనే ఉంటుంది, వంద దగ్గర ఆగుతుంది. కొత్త పిన్ను వేయించండి, కొన్ని రూపాయల పని. వేరే మంచి తీగతో కూడా 100 అనే వస్తే అప్పుడు హబ్‌ని తప్పుపట్టండి.

ఆఫీసుల్లో, కాలేజీల్లో ఇంకో చిక్కు: డాక్‌లోని నెట్ చిప్‌కి సొంత మ్యాక్ అడ్రస్ ఉంటుంది (నెట్‌వర్క్ దాన్ని గుర్తుపట్టే నంబరు, మ్యాక్‌బుక్‌తో సంబంధం లేదు). లాప్‌టాప్ అడ్రస్ నమోదు చేసిన చోట డాక్ గుండా నెట్ రాదు. కొత్త అడ్రస్ నెట్‌వర్క్ చూసేవాళ్లకి ఇచ్చి నమోదు చేయించుకోవాలి.

10. హబ్‌కి పెట్టకూడనివి

వేలిముద్ర యంత్రం. జీఎస్టీ పనికి వాడే డిజిటల్ సంతకం టోకెన్. బ్యాకప్ హార్డ్‌డిస్క్. ఈ మూడూ లాప్‌టాప్ సొంత కన్నాల్లోనే పెట్టండి. రిటర్న్ వేసే చివరి రోజున, కౌంటర్ ముందు జనం నిలబడి ఉండగా, "డివైస్ దొరకలేదు" అని వస్తే ఆ తలనొప్పి పడ్డవాడికే తెలుస్తుంది.

హార్డ్‌డిస్క్ సంగతి వాట్లతో ముడిపడింది. యూఎస్‌బీ 3.0 కన్నం ఇవ్వాల్సింది 5 వోల్టుల దగ్గర 900 మిల్లీఆంపియర్లు. అడాప్టర్ లేని హబ్ లాప్‌టాప్ నుంచి తెచ్చుకున్న ఆ కొంచెం కరెంటునే అన్ని కన్నాలకీ పంచుతుంది. తిరిగే డిస్కు మొదలయ్యేటప్పుడే ఎక్కువ లాగుతుంది. అందుకే టిక్, టిక్ అని కొట్టుకుని ఆగిపోతుంది. ఆ చప్పుడు వింటే వెంటనే తీసేయండి. తప్పనిసరై పెట్టాల్సి వస్తే దాన్ని ఒక్కదాన్నే పెట్టి, పనయ్యాక ఎజెక్ట్ నొక్కాకే తీయండి.

వేగం చూడాలంటే మొదట చెప్పిన ఆ పెద్ద ఫైలు హబ్‌కి పెట్టిన ఎస్ఎస్‌డీ (తిరగని రకం డిస్కు) నుంచి కాపీ చేయండి. సెకనుకి 35, 40 మెగాబైట్ల దగ్గరే నిలిచిపోతే ఎక్కడో 2.0 కన్నమో తీగో తగిలింది. చాలా హబ్బుల్లో మూడు కన్నాలుంటే ఒకటో రెండో 2.0వే ఉంటాయి. అవి కీబోర్డుకి ఉంచండి.

11. నిద్ర లేచాక డాక్ కనపడకపోతే

లాప్‌టాప్ మూత తెరిచాక నెట్టూ మౌసూ రాకపోతే, విండోస్ డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ మీద, ఆ తర్వాత డాక్ నెట్ చిప్ మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో "కరెంటు ఆదా కోసం దీన్ని ఆపవచ్చు" అనే అర్థం వచ్చే టిక్కు తీసేయండి. డాక్ కంపెనీ సైట్లో కొత్త ఫర్మ్‌వేర్ (డాక్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఉంటే వేయండి. కానీ ఉరుములతో మబ్బు పట్టినప్పుడు ఆ పని పెట్టుకోకండి. సగంలో కరెంటు పోతే డాక్ మళ్లీ లేవకపోవచ్చు.

పిడుగు, ఉప్పుగాలి, జివ్వుమనడం

లోహపు హబ్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే ఎర్తింగ్ లేనట్టే. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టారేమో చూడండి, తీసేయండి. పాత ఇళ్లలో మూడో కన్నం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించుకోవాలి, దీనికి డాక్ మార్చి లాభం లేదు.

ఉరుముతున్నప్పుడు ఛార్జర్ ఒక్కటే పీకితే చాలదు. నెట్ డబ్బా నుంచి డాక్‌కి వచ్చే రాగి తీగ కూడా పీకండి. ఫైబర్ గాజుదే, దాంట్లోంచి కరెంటు రాదు. కానీ ఆ డబ్బా అడాప్టర్ గోడకే ఉంటుంది కదా, దెబ్బ అక్కడి నుంచి రాగి తీగలోకి దిగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కరెంటు ఎన్నాళ్లకి వచ్చిందో గుర్తున్నవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు: చాలాసేపటి తర్వాత కరెంటొస్తే, ఫ్యాను, దీపం వేసి వోల్టేజీ నిలబడిందని చూసుకుని పావుగంటాగి డాక్ పెట్టండి.

కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో కన్నాల లోపలి రేకు మసకబారి, పచ్చగా చిలుము పడుతుంది. నోటితో ఊదకండి, తేమ ఇంకా పెరుగుతుంది. అన్నీ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి పిండిన మెత్తటి బ్రష్షుతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. వాడని కన్నాలకి రబ్బరు మూతలు దొరుకుతాయి.

తిరిగి పంపాల్సి వస్తే

ఆన్‌లైన్లో కొన్న డాక్‌కి వెనక్కి ఇచ్చే గడువు కొద్దిరోజులే ఉంటుంది. కాబట్టి వచ్చిన రోజే పై పరీక్షలు చేయండి, ముఖ్యంగా 4, 6, 7. లోపం కనపడ్డప్పుడు ఫోన్‌తో వీడియో తీయండి. తెర మీద 30 హెర్ట్జ్ అంకె, డాక్ మీద మోడల్ పేరు, రెండూ ఒకే వీడియోలో పడాలి. నేను ఒకసారి "మానిటర్ సరిగ్గా రావట్లేదు" అని ఒక్క ముక్క రాసి పంపితే, "మీ మానిటర్ పరిశీలించుకోండి" అని తిరుగు జవాబొచ్చింది. రెండోసారి అంకెలతో పంపాను, మూడో రోజుకి మనిషి వచ్చి డబ్బా పట్టుకెళ్లాడు. పెట్టె, అసలు కేబుల్, లోపలి అట్టముక్కలు గడువు తీరేదాకా అటక మీద పడేయండి, పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యకండి.